కాలువ కట్టేసిన రోజులు

దాళ్వా (రెండో పంట) కోతలై, ఇంకా సగం కుప్పలు చేలల్లోనే ఉండగా, కాలవ తూములు చూసుకునే లస్కరు సైకిలేసుకుని కాలవగట్టంట వచ్చేవాడు. "పదిహేనో తారీకుని కట్టేస్తన్నారండోయ్! చెరువు నింపుకోండి, తర్వాత నన్నంటే లాభం లేదు" అని రావిచెట్టు అరుగు దగ్గర ఓ కేకేసి, ఎవరో ఒకరు ఇచ్చిన మజ్జిగ తాగి, దిగువ ఊరికి పోయేవాడు. గోదావరి డెల్టాలో ఎండాకాలం ఆ కేకతోనే మొదలయ్యేది.

ఏప్రిల్ నడుమ నుంచి జూన్ మొదటి వారాల దాకా కాలువలకి సెలవు. తూర్పు డెల్టాకి ధవళేశ్వరంలో, మధ్య డెల్టాకి బొబ్బర్లంకలో, పడమటి డెల్టాకి విజ్జేశ్వరంలో తలుపులు దించేస్తే, పది లక్షల ఎకరాల ఆయకట్టు పొడవునా కాలువలు మెల్లిగా అడుగంటేవి. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. తర్వాత దాని స్థానంలో బారేజీ వచ్చింది. తలుపులు మారాయిగాని ఎండల్లో కట్టెయ్యడం మారలేదు. లాకులూ తూములూ గట్లూ బాగుచేసుకోవాలంటే ఆ రోజులే దొరుకుతాయి. అది సర్కారు పని. ఊరు చేసుకోవలసిన పని వేరే ఉండేది. కాటన్ విగ్రహానికి దండ వేసే ఊళ్ళు మన వైపు చాలా ఉన్నాయి, వెయ్యాల్సిందే. ఆయన ఊరిదాకా తెచ్చిన నీళ్ళని ఊళ్ళో నిలబెట్టినవాళ్ళు మాత్రం ఏటేటా తట్ట మోసినవాళ్ళు. ఆ పని ఎలా చేసేవారో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఊరికి నలుగురైదుగురు మిగిలి ఉంటారు. అందుకే ఈ కాస్త రాసి పెట్టడం.

ఊరికి రెండు చెరువులు. ఒకటి మంచినీళ్ళది, ఒకటి వాడుకది. గేదెలు, బట్టలు, స్నానాలు అన్నీ రెండోదాంట్లో. మంచినీళ్ళ చెరువులో కాలు కడిగినా తప్పే. ఈ కట్టుబాటు వెనక భక్తి కంటే లెక్క ఎక్కువ ఉంది. 2,000 మంది ఉన్న ఊరు అనుకోండి. తాగడానికీ వండుకోడానికీ గిన్నెలకీ కలిపి మనిషికి రోజుకి 40 లీటర్లు వేసుకున్నా రోజుకి 80,000 లీటర్లు. అరవై రోజులకి 48 లక్షలు. ఎకరం మేర అడుగు లోతు నీళ్ళంటే 12.3 లక్షల లీటర్లు. అంటే రెండెకరాల చెరువులో ఊరి వాడకానికి పోయేది రెండు అడుగులే. అసలు దొంగ ఎండ. మే నెలలో రోజుకి ఏడెనిమిది మిల్లీమీటర్లు ఆవిరై పోతాయి, అరవై రోజులకి అడుగున్నర. గట్టులోంచీ అడుగులోంచీ ఇంకేది ఇంకో అడుగు. అట్టడుగు రెండడుగులు బిందెకి పనికిరావు, ముంచితే బురద లేస్తుంది. మొత్తం ఆరున్నర. కట్టేసే రోజుకి చెరువులో ఎనిమిది అడుగులుంటే ఊరు హాయిగా జూన్ చూస్తుంది. ఆరే ఉంటే మే నెలాఖరుకి తగువులు మొదలవుతాయి. ఈ రెండడుగుల తేడా ఎక్కడిదంటే, తియ్యకుండా వదిలేసిన ఒండ్రుది.

ఇక్కడొక చిక్కు ఉంది, బయటివాళ్ళకి తట్టదు. చెరువు పూడిక తియ్యాలంటే చెరువు ఎండాలి. కాని కాలువ కట్టేసినప్పుడు అది నిండుగా ఉండాలి. కాబట్టి కాలువలో నీళ్ళు పారుతుండగానే మంచినీళ్ళ చెరువుని ఎండగట్టాలి. మాఘమాసం వెళ్ళాక, దాళ్వా చేలు పొట్ట మీద ఉండగా తోడడం మొదలెట్టి, మార్చి నెలలో మట్టి తీసి, ఉగాదికి అటూ ఇటూ నీళ్ళు పెట్టేవారు. ఆ నెలరోజులూ ఊరంతా కాలువరేవు నుంచే బిందెలు మోసుకోవాలి. ఆడవాళ్ళకి అదో నరకం. పెద్దమనుషుల సభలో చెరువు ఎప్పుడు ఎండగట్టాలో మగవాళ్ళు తేల్చేవారు గాని, ఎన్నాళ్ళలో నింపాలో మాత్రం ఇళ్ళల్లో తేలేది.

తోడడం పూర్వం గూడలతో, అంటే తాళ్ళు కట్టిన బుట్టలతో. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి తాళ్ళు పట్టుకుని గూడ వేస్తుంటే పాట దానంతటదే వచ్చేది. తర్వాత ఆయిలింజన్లు వచ్చాయి. 5 హార్స్‌పవర్ ఇంజను గంటకి 35-40 వేల లీటర్లు తోడుతుంది. రెండెకరాల్లో మూడడుగుల నీళ్ళు మిగిలితే, రెండు ఇంజన్లు రాత్రింబవళ్ళు నాలుగైదు రోజులు తిరగాలి. ఇంకో రెండు ఇంజన్లు కలిపి రెండ్రోజుల్లో తేల్చేద్దామనే తొందర ప్రతిసారీ ఎవరికో ఒకరికి పుట్టేది. అది ఒప్పుకోకూడదు. రోజుకి అడుగు మించి నీరు దించితే గట్టు లోపలి వాలు జారుతుంది. గట్టు మట్టి లోపల తడిసే ఉంటుంది, బయటినుంచి ఆనుకుని ఉన్న నీళ్ళు మాత్రం ఒక్కసారిగా పోతాయి. ఆ బరువుకి రేగడి నిలవదు, పెద్ద పెద్ద పెళ్ళలుగా కిందికి కూచుంటుంది. తోడిన నీళ్ళు మురుగు పోయే పిల్లకాలువలోకి, అంటే మురుగుబోదెలోకి పోవాలి, తిరిగి కాలువలో కలపకూడదు. దిగువ ఊరివాళ్ళు తాగేది ఆ కాలువే.

నీళ్ళు మోకాలి లోతుకి వచ్చాక చేపలు. ఆ రోజు బడికి పిల్లలు వచ్చేవారు కాదు, పంతుళ్ళు కూడా పెద్దగా పట్టించుకునేవారు కాదు. కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, జెల్ల, పరిగె, ఏ చెరువుకి ఆ చెరువు వాటా. చేపలు ఊరుమ్మడివి. పట్టినవాళ్ళకి కూలి కింద కొంత, మిగతాది ఇళ్ళకి పంపకం, కాస్త పెద్దవి వేలం వేసి ఆ డబ్బుతో ఇంజను నూనె ఖర్చు. కాని తూముకి దూరంగా, అన్నిటికంటే లోతైన మూల, రెండు సెంట్ల మేర గుంట ఒకటి తోడకుండా వదిలేసేవారు. అందులోకి గుడ్డు మీదున్న కొరమీలు జతలు నాలుగైదు, పరిగెలు, మట్టగిడసలు వదిలి, పైన తాటాకులు కప్పేవారు. కప్పకపోతే రెండు పూటల్లో కొంగలూ నీటికాకులూ ఖాళీ చేస్తాయి. విత్తనం చేప ఆ గుంటలోంచే మళ్ళీ చెరువంతా పరుచుకునేది. తాబేళ్ళు కనబడితే తడి గోనెసంచీలో వేసి వాడుక చెరువులో దింపేవారు. చచ్చిన చేపనీ నాచునీ తినేది తాబేలే గనక, దాన్ని చెరువు పాకీమనిషి అనేవాళ్ళు పెద్దలు. ఆ మాటలో కొంచెం మొరటుతనం ఉన్నా మర్యాద కూడా ఉంది.

ఇక మట్టి. రెండెకరాల్లో అడుగు మట్టి అంటే 87,120 ఘనపుటడుగులు. ఎడ్లబండికి పాతిక అడుగులు పట్టినా మూడున్నర వేల బళ్ళు. ఏ ఊరూ ఒక్క ఏడాదిలో తియ్యలేదు. అందుకని చెరువుని నాలుగు వంతులు చేసి, ఏడాదికో వంతు. మనిషి రోజుకి సుమారు వంద ఘనపుటడుగులు తవ్వి మొయ్యగలడు. పావు చెరువుకి రెండువందల ఇరవై మనుషుల రోజులు. నాలుగున్నర వందల గడప ఉన్న ఊళ్ళో ఇంటికో మనిషి ఒక్క పూట వస్తే సరిపోతుంది. "ఇంటికో పార, ఒక పూట" అనే మాట ఊరికే పుట్టలేదు, లెక్క కుదిరింది కాబట్టి నిలిచింది. రానివాళ్ళు కూలి మనిషిని పంపాలి, లేదా కూలి డబ్బు కట్టాలి. వితంతువులకీ ముసలివాళ్ళకీ మినహాయింపు. భూమి ఎక్కువున్నవాళ్ళకి బళ్ళు పెట్టే వంతు.

తడి ఆరిందో లేదో పారే చెబుతుంది. మట్టి జున్నులా తెగాలి. జారితే ఇంకో రెండ్రోజులు ఆగాలి. మరీ ఎండి బెత్తెడు లోతు నెర్రెలు తీసిందంటే ఆలస్యమైపోయినట్టు, రేపు నీళ్ళు పెట్టాక ఆ నెర్రెల్లోంచి ఇంకిపోతుంది. కొలత కోసం అక్కడక్కడ తవ్వకుండా దిమ్మలు వదిలేవారు. దిమ్మ ఎత్తు చూస్తే ఎంత లోతు తవ్వారో తెలుస్తుంది. ఘనపుటడుగుల లెక్కన కూలి ఇచ్చే చోట దిమ్మ నెత్తిన పచ్చిక పెళ్ళ ఒకటి అతికించి నాలుగంగుళాలు పెంచే చమత్కారం కూడా ఉండేది. మేస్త్రీ వేలు గుచ్చి చూసేవాడు, అతికిన పెళ్ళ కదులుతుంది.

ఎంత లోతు తవ్వాలన్నది అన్నిటికంటే పెద్ద మాట. మన డెల్టా అంతా గోదావరి తెచ్చి పోసిన మట్టి. పైన రేగడి పొర, దాని కింద ఇసక. సముద్రం వైపు పోయేకొద్దీ, రాజోలు, కాట్రేనికోన, మొగల్తూరు వైపు, ఆ ఇసకలో ఉన్నది ఉప్పునీరు. చెరువు అడుగున ఉన్న రేగడే దానికి మూత. ఒండ్రు నల్లగా, మెత్తగా, కుళ్ళు వాసనతో ఉంటుంది. పాత అడుగు తగిలేసరికి రంగు మారి గట్టిపడుతుంది. అక్కడ పార ఆగాలి. అనుమానమొస్తే గుప్పెడు మట్టి తడిపి చేతుల మధ్య తాడులా చుట్టి చూడాలి. చిటికెనవేలంత సన్నగా చుట్టినా విరక్కపోతే రేగడి ఇంకా ఉంది. పొడిపొడిగా విరిగి, ఎండలో మెరిసిందంటే ఇసక దగ్గరకొచ్చినట్టే. "మట్టి బాగుంది, ఇంకో రెండడుగులు లాగండి" అని ఇటుకబట్టీ కోసం లోతు చేసిన చెరువులు ఉప్పుబారిపోయిన ఊళ్ళు మన వైపు ఉన్నాయి. కందిపప్పు ఉడకడం మానేస్తే ఇళ్ళల్లో ముందు తెలుస్తుంది. పొరపాటున చిల్లు పడితే మందు ఒకటే: రేగడి తెచ్చి నాలుగేసి అంగుళాల పొరలుగా పరిచి, ప్రతి పొర మీదా నీళ్ళు చిలకరించి గేదెల్ని తోలి తొక్కించాలి. కనీసం అడుగు మందం. ఒకేసారి అడుగు మట్టి పోసి తొక్కిస్తే పై నాలుగంగుళాలే గట్టిపడతాయి, కింద గుల్ల గుల్లగానే ఉంటుంది.

తీసిన ఒండ్రు కోసం పోటీ. వరిచేలు ఎలాగూ రేగడే, వాటికి పెద్ద లాభం లేదు. కోనసీమ ఇసకపర్రలో కొబ్బరితోటలకి మాత్రం బంగారం. చెట్టు పాదులో మొదలుకి మూరెడు దూరం వదిలి చుట్టూ పరిస్తే, ఇసకలో నిలవని నీరు నిలుస్తుంది. మొదలుకి ఆనించి కుప్పపోస్తే కుళ్ళు పడుతుంది. ఉప్పుబారిన చెరువు మట్టి తోటకి వెయ్యకూడదు. నాలిక మీద పెట్టుకుని చూసే ముసలాళ్ళుండేవారు.

గట్టు పనికి ఓపిక కావాలి. ఎలకలూ పందికొక్కులూ ఎండ్రకాయలూ చేసిన కన్నాలు పైనుంచి రూపాయి బిళ్ళంత కనిపిస్తాయి, లోపల చెయ్యి పట్టేంత. మూతి దగ్గర బురదముద్ద కొట్టి వదిలేస్తే నీళ్ళు నిండాక అదే చోట ఊట. కన్నం పోయినంత దూరం తవ్వి తెరిచి, కొంచెం తడి ఉన్న రేగడి జానెడు జానెడుగా వేసి దిమ్మిసతో కొట్టాలి. చెట్ల విషయంలో కూడా నియమం ఉండేది. గట్టు మీద తాటి, ఈత ఫరవాలేదు, వాటి వేళ్ళు సన్నటి పీచు. మర్రి, రావి గట్టుకి బయట, కనీసం ఇరవై అడుగుల దూరంలో. పెద్ద చెట్టు గట్టు మీద బతికున్నంతకాలం బాగానే ఉంటుంది. దాన్ని కొట్టేసిన మూడు నాలుగేళ్ళకి వేరు కుళ్ళి, వేరున్నంత మేర గొట్టంలా దారి ఏర్పడుతుంది. గట్టుకి లోపలివైపు గరిక పెళ్ళలు, అల తగిలే చోట ఒత్తుగా. గరిక ఉన్న గట్టుని వాన కొయ్యలేదు.

నింపడం. ఎనిమిది అడుగులు, రెండెకరాలు, అంటే ఒక క్యూసెక్ ధార (సెకనుకి ఒక ఘనపుటడుగు) ఎనిమిది రోజులు పారాలి. దాళ్వా చివరి తడులకి వంతులు నడుస్తున్న రోజుల్లో ఒక క్యూసెక్ చెరువుకి వదలడమంటే శివారు రైతు గుండెల మీద చెయ్యి వెయ్యడమే. అందుకే నింపుడు రోజులు సభలో ముందే చెప్పుకునేవారు. కొన్నిచోట్ల చెరువుకి రాత్రి వంతు, చేలకి పగటి వంతు. నీళ్ళు నేరుగా కాలువలోంచి విడి తూము ద్వారా రావాలి. పంటబోదెలోంచి తెస్తే చేలల్లో చల్లిన యూరియా, కొట్టిన మందు అన్నీ వస్తాయి. తూము మూతికి వెదురు తడిక, తడిక వెనక రెండుగజాల గుంట. ఇసక ఆ గుంటలో కూచుంటుంది. ఎనిమిది రోజులు నింపమన్నది కూడా ఊరికే కాదు, గట్టు అంచెలంచెలుగా నానాలి. రోజూ పొద్దున్నే గట్టు వెలుపలి మొదలు చుట్టి రావాలి. తేటనీరు చెమర్చితే భయం లేదు. బురదనీరు కారితే లోపలి మట్టిని కోసుకొస్తోందన్నమాట, అప్పటికప్పుడు తూము మూసేసి ఆ చోటు తవ్వాల్సిందే.

నిండాక కాపలా. వేసవి రెండు నెలలూ చెరువుకో మనిషి, జీతం ఇంటికింత ధాన్యం. ఆకులు దేవడం, గేదెల్ని తోలడం, రేవు మెట్లు తోమడం. అతని చేతిలో కర్ర ఉండేది గాని, నోరే ఎక్కువ పనిచేసేది. "అమ్మాయ్, కాళ్ళు బయట కడుక్కుని దిగు తల్లీ" అంటే కొత్త కోడలు కూడా ఎదురు చెప్పేది కాదు. ఇళ్ళల్లో బిందె నీళ్ళకి పటిక రెండు తిప్పులు, లేకపోతే చిల్లగింజ గరుకు రాయి మీద అరగదీసి కలిపేవారు. తెల్లారేసరికి మట్టి అడుగున పేరుకునేది. అయితే తేట వేరు, శుభ్రం వేరు. పటిక పురుగుల్ని చంపదు. కలరా రోజుల తర్వాత బ్లీచింగ్ పౌడరు వచ్చింది, వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, కలిపాక అరగంట ఆగాలి.

కాలువ కట్టేశాక, ఊరి కష్టం బోదెలకీ మురుగుకీ మళ్ళేది. డెల్టా నేల వాలు మైలుకి అడుగు అటూ ఇటూ, అంతే. ఇంత చదునులో బోదె అడుగున జానెడు ఒండ్రు ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడే నీళ్ళు నిద్రపోతాయి. ఎవరి చేను పక్క బోదె వాళ్ళు తీసుకోవాలి, కాని ఎవరి లోతు వాళ్ళు తీస్తే మెట్లు మెట్లుగా తయారవుతుంది. అందుకని వంద అడుగులకో మేకు పాతి, నీళ్ళు నింపిన గొట్టంతో మట్టం చూసి, దారం కట్టేవారు. గొట్టంలో గాలి బుడగ ఉంటే మట్టం తప్పుతుంది, చూసుకోవాలి. మురుగుబోదె పని దిగువనుంచి ఎగువకి నడవాలి. పైనుంచి మొదలెడితే మీ నీళ్ళు కింది మట్టిలో ఆగి, పని చేసేవాడు నడుంలోతు బురదలో నిలబడాలి. దాళ్వా కోతకి నాలుగురోజుల ముందు చేలో చల్లిన జీలుగ, పిల్లిపెసర ఈ లోపు మోకాలెత్తుకి వచ్చేవి. నీళ్ళు వదిలాక పూతదశలో కలియదున్నితే చేనుకి ఎరువు. ఎకరానికి జీలుగ 10-12 కిలోలు. పచ్చిరొట్ట మీద రాయాల్సింది చాలా ఉంది, అది ఇంకోసారి.

గుర్రపుడెక్క మాత్రం వదిలేది కాదు. రెండు వారాల్లో రెట్టింపవుతుంది. కొబ్బరితాడు బోదెకి అడ్డంగా పట్టుకుని ఇద్దరు రెండు గట్ల మీద నడిస్తే చాపలా చుట్టుకొస్తుంది. పూత రాకముందు లాగాలి. గింజ రాలిందంటే ఒండ్రులో ఏళ్ళతరబడి బతికుంటుంది, మళ్ళీ నీళ్ళు తగిలాక మొలుస్తుంది. గట్టు అంచునే పోస్తే మొదటి వానకి తిరిగి బోదెలో ఉంటుంది. పదడుగులు దూరం మోసి, పేడ పొరలతో కలిపి కుప్ప వేస్తే మూడు నెలల్లో ఎరువు. ఈ పదడుగుల దగ్గరే ఇప్పటి శ్రమదానాలు ఫెయిలవుతాయి. కొత్త పారలతో ఫొటో దిగేసరికి పదయ్యి, ఎండెక్కిపోతుంది.

బోదె గట్ల మీద పెరిగే జమ్మునీ కిక్కిసగడ్డినీ ఒకేసారి రెండు వైపులా కొయ్యకూడదన్నది ఇంకో కట్టుబాటు. ఒక ఏడాది ఒక గట్టు, మరుసటేడు రెండోది. కారణం అడిగితే "నీటికోళ్ళు గూడు పెట్టుకుంటాయి" అనేవారు. నీటికోళ్ళే కాదు, ఎలకల్నీ చేపల్నీ పట్టుకు తినే బావురుపిల్లి పగలంతా ఆ జమ్ములోనే పడుకునేది. ఒంటి మీద మచ్చలు చూసి చిరుతపిల్ల అని కేకలేసి కర్రలతో వెంటబడ్డం ఇప్పటికీ జరుగుతోంది. చేపల చెరువు గట్ల మీద దానికి ఉచ్చులూ పెడుతున్నారు. చచ్చిన ఎలకనీ జబ్బు చేపనీ అది తింటుందని లెక్కెయ్యరు. వాడుక చెరువు గట్టున చింతచెట్ల మీద నత్తగుల్ల కొంగలు గూళ్ళు కట్టేవి. కింద రెట్ట కంపు. అయినా నత్తల్ని తింటాయని ఎవరూ రాయి విసిరేవారు కాదు. పిల్లలు విసిరితే మొట్టికాయ పడేది.

సముద్రం ఒడ్డున పని ఇంకో రకం. కాలువలు కట్టేసే రోజుల్లోనే వేటకీ సెలవు. ఇప్పుడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి పోకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. మంచినీళ్ళకి అక్కడ దొరువులే ఆధారం. ఇసకలో నాలుగైదు అడుగుల లోతు వెడల్పాటి గుంట, దిగడానికి వాలు. వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ పలచటి పొరలా ఉంటుంది. సముద్రమట్టానికి పైన మంచినీరు అడుగు ఎత్తు నిలిస్తే కింద దాదాపు నలభై అడుగుల దాకా ఉప్పుని నొక్కి ఉంచుతుంది. తిరగేసి చూస్తే, పైన అడుగు తోడేస్తే కింద నలభై అడుగులు ఉప్పు పైకి లేస్తుంది. అందుకే దొరువుని లోతు చెయ్యరు, వెడల్పు చేస్తారు. ముంచుకుంటారు గాని మోటారు పెట్టరు. మోటారు పెట్టిన దొరువు చెడిపోవడం ఆ ఒడ్డున అందరూ చూసిందే.

కోరంగి మడ అడవుల దగ్గర పల్లెలవాళ్ళు తవ్విన కాలువలు చూస్తే మన బోదె తెలివే తిరగబడి కనిపిస్తుంది. ఒకప్పుడు కూపులుగా (అడవిని వంతులు చేసి) నరికిన చోట నేల కుంగి, సముద్రం వెనక్కి తగ్గే పాటు వచ్చినా పోటుకి ఎక్కిన నీరు బయటికి పోక, ఎండకి ఉప్పు చిక్కబడి గడ్డి కూడా మొలవని బయళ్ళు ఏర్పడ్డాయి. అక్కడ ఏరు నుంచి ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలువలు, చేప వెన్నుముల్లు ఆకారంలో తవ్వారు. పోటుకి నీరెక్కి పాటుకి దిగిపోతూ ఉప్పుని కడిగేస్తుంది. మడ మొక్కని కాలువ అడుగున నాటితే మునిగి చస్తుంది, గట్టు నెత్తిన నాటితే ఎండి చస్తుంది. వాలు మధ్యలో నాటాలి. ఏటా పూడిక తియ్యకపోతే మళ్ళీ మొదటికే. 1996 నవంబరు 6 తుపాను కాకినాడ, కోనసీమల్ని తుడిచిపెట్టాక, ఆ వైపు జాలరిపల్లెల్లో మడచెట్టు మీద కత్తి వెయ్యడానికి ముందు ఆలోచించడం పెరిగింది.

ఇదంతా ఎప్పుడు సడలిందో తారీకు చెప్పడం కష్టం. కుళాయి వచ్చింది, మంచిదే, బిందె బరువు తగ్గింది. చెరువు నీళ్ళు ఇసక పడకల్లోంచి వడకట్టుకుని ట్యాంకుకి ఎక్కుతాయి. ఆ ఇసక మీద సన్నటి జిగురు పొర ఒకటి పెరుగుతుంది, పురుగుల్ని ఆపేది అదే. ధార తగ్గినప్పుడు పైపైన అరంగుళం గీకి తియ్యాలి. లోతుగా గీకినా, కడిగి ఆరబెట్టినా పొర చస్తుంది, మళ్ళీ కుదురుకునే దాకా పురుగులు సరిగ్గా ఆగవు. చెరువు పచ్చబడితే నెలకోసారి గీకాల్సింది వారానికోసారి గీకాలి, ఎవరూ గీకరు, ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కుంటారు. చెరువు ఎందుకు పచ్చబడింది? చేపల పెంపకానికి వేలంపాటకి ఇచ్చారు కాబట్టి. పాట పాడినవాడు తవుడూ చెక్కా పేడా వేస్తాడు, అతని బాధ అతనిది. పంచాయతీకి ఆదాయం వస్తుంది. నాలుగు వంతుల పూడిక లెక్క మాత్రం ఎవరి ఖాతాలోనూ పడదు.

1990ల మొదట్లో రొయ్య వచ్చింది. తెల్లమచ్చ తెగులుకి చాలామంది మునిగారు, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువుల మీద తీర్పు ఇచ్చింది, తర్వాత వనామీ రకంతో మళ్ళీ పుంజుకుంది. రొయ్యకి ఉప్పునీరు తోడి పెట్టే చెరువు పక్క మంచినీళ్ళ చెరువు, మధ్యలో ఒక్క గట్టు. ఇసక పొర రెండింటికీ ఒకటే. మురుగు సంగతి ఇంకోటి. కాలువలు డ్రెయిన్లలోకి, డ్రెయిన్లు సముద్రంలోకి పోయే మొగల దగ్గర ఇసక మేట వేసి, పాటు సమయంలో కూడా నీరు దిగక, ఏటా సార్వా (వానాకాలపు పంట) చేలు మునిగాయి. 2011లో కోనసీమ రైతులు పంట వెయ్యమంటూ పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగూ ఉంది. నీటి సంఘాల చట్టం 1997లో వచ్చింది. కాగితం మీద అధికారం రైతుకే ఇచ్చారు. కొన్ని సంఘాలు బాగా నడిచాయి కూడా. కాని మనిషి పార పట్టుకుని రావడం మానేసి బిల్లు పెట్టడం మొదలెట్టాక, దిమ్మ నెత్తిన పచ్చిక పెళ్ళ అతికించే విద్యకి కాగితాల్లో చోటు దొరికింది.

జూన్‌లో నీళ్ళు వచ్చే రోజు. ముందు వాసన వస్తుంది, ఎండిన కాలువ అడుగు తడిసిన వాసన. తర్వాత చెత్తా నురగా ముందు తోసుకుంటూ, నడిచే మనిషి కంటే నెమ్మదిగా నీళ్ళు. రెండు నెలలు ఎండిన అడుగులో పడున్నదంతా ఆ ముందు ధారలోనే ఉంటుంది, చచ్చిన కుక్కతో సహా. పిల్లలు దాని ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ ఊళ్ళోకి తీసుకొచ్చేవారు. చెరువు అడుగంటి, ఊరంతా ఆత్రంగా ఉన్నా చెరువు తూము తియ్యకూడదు. నాలుగైదు రోజులు కాలువ కడుక్కోవాలి. కాపలా మనిషి రోజూ పొద్దున్న ఒక గాజుసీసాలో కాలువ నీళ్ళు పట్టి అరుగు మీద పెట్టేవాడు. మధ్యాహ్నానికి సీసా అడుగున వేలెడు మట్టి కూచుంటే "ఇయ్యాల కాదండి" అనేవాడు. జూలైలో గోదావరికి ఎర్రనీరు తగిలేలోపు చెరువు నింపెయ్యాలి, ఆ తర్వాత సీసా తేటపడదు. ఐదో రోజో ఆరో రోజో, సీసాలోంచి అవతలి రావిచెట్టు కనిపించిన పూట, తూముకి కొట్టిన రేగడి ముద్ద పగలగొట్టి, పలక ఒక్కటి పైకి లాగేవాడు. రెండోది మరుసటి రోజు.